సాంటర్ పుట్టిల్లూ, మా నాలుగు రౌండ్లూ

రెండువేల ఒకటిలో బెంగళూరులో ఉద్యోగం ఊడబీకడం చాలా మర్యాదగా జరిగేది. మీటింగు గదిలోకి పిలిచేవారు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చేవారు. నువ్వు చాలా తెలివైనవాడివి, నీ తెలివికి ఈ కంపెనీ చాలదు అని పొగిడి, మెడలో కార్డు తీసుకుని పంపేసేవారు. నాకూ అదే మర్యాద జరిగింది. సీసా మాత్రం ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

మా ఆవిడకు బ్యాంకులో ఉద్యోగం ఉంది కాబట్టి పస్తులుండలేదు. కానీ రెండో నెలకే అద్దె ఇల్లు ఖాళీ చేసి అత్తవారింటి మేడమీద గదిలోకి చేరాం. "తాత్కాలికంగా," అన్నాను నేను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. మాది గుంటూరు వైపు. ఇల్లరికపు అల్లుళ్ళ మీద మా వైపు ఎన్ని వెటకారాలున్నాయో అన్నీ నాకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు మా బాబాయి ఒకాయన్ని వాటితోనే ఏడిపించేవాణ్ణి.

మా మామగారివాళ్ళు మూడు తరాల కింద అనంతపురం వైపు నుంచి వచ్చి బళేపేటలో ఇనప సామాన్ల అంగడి పెట్టుకున్నవాళ్ళు. తాళాలు, గొళ్ళేలు, తలుపు బందులు, మేకులు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం అని వాళ్ళ లెక్క గానీ, రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. పొద్దున్నే "తిండి అయ్యిందా అప్పా?" అని అత్తగారు అడిగితే ఉప్మా సంగతి అని అర్థం కావడానికి నాకు నెల పట్టింది. అంతకుముందు ఆవిడ నన్ను రోజూ తిండిపోతని దెప్పుతోందనుకుని లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

మామగారు అంగడి తమ్ముడికి అప్పగించేసి ఇంట్లో కూర్చున్న కొత్తల్లో ఒకరోజు వరండాలో చెప్పుల్లేకుండా తిరుగుతూ ఉంటే, ఆయన నడిచినచోటల్లా నేలమీద రక్తపు చుక్కలు పడ్డాయి. చూస్తే అరికాల్లో అంగుళం మేకు. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. నలభై ఏళ్ళు మేకులు అమ్మిన మనిషికి మేకు దిగితే తెలియలేదు. డాక్టరు పరీక్ష చేయించి, షుగరు మూడువందలు దాటిందనీ, అరికాళ్ళలో స్పర్శ పోతోందనీ, ఇలాగే వదిలేస్తే ముందు వేళ్ళు, తర్వాత పాదం తీసేయాల్సి వస్తుందనీ చెప్పాడు. పొద్దున్నే ఒక మాత్ర. రోజూ పార్కులో నాలుగు రౌండ్లు. తీపి బంద్.

ఆ సాయంత్రం అత్తగారు కాఫీ ఇస్తూ నాతో అంది. "మీరు ఎట్లాగూ ఇంట్లోనే ఉండారు గదప్పా. మీ మామని పొద్దున పార్కుకి పిలుచుకోని పోండి. ఒంటిగా పంపిస్తే ఆయప్ప యాడో ఒగ చోట కూకోని మాట్లాడతా ఉంటాడు."

"ఎట్లాగూ ఇంట్లోనే" అన్న మాట కలుక్కుమంది. అయినా పని దొరికింది కదా అని సంతోషించాను. మొదటిరోజు ఇద్దరం తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని బయలుదేరాం. మామగారు మంకీ క్యాపు, చేతుల్లేని స్వెట్టరు, కింద పంచె. ఆయన పంచె కింద ఆ బూట్లు చూసి వీధి కుక్క ఒకటి భయపడి పక్కకు తప్పుకుంది.

పార్కు గేటు దగ్గర ఒక బోర్డు. ఎటు నుంచి ఎటు నడవాలో బాణం గుర్తు, కుక్కలు తేకూడదు, పూలు కోయకూడదు, గుండ్రంగా నిలబడి నవ్వే సంఘంవాళ్ళు తప్ప ఎవరూ గట్టిగా అరవకూడదు. బోర్డు పక్కనే రాతి బెంచీ. మామగారు బూటు లేసు కట్టుకోవడానికని బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి స్వెట్టరు లోపల చెయ్యి పెట్టి మడత పెట్టిన కాగితం తీశారు.

"ఏమప్పా, నువ్వు ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసినోడివి గదా. సాంటర్ అంటే ఏమి?"

నాకు తెలియదు. నేను చేసిన ఉద్యోగంలో నడక గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు, పరుగు గురించే.

ఆయన కథ ఇక్కడ చెప్పాలి. బళేపేట అంగడికి ఒకప్పుడు ఇంగ్లండు నుంచి తాళాల క్యాటలాగులు వచ్చేవట. పదో తరగతితో చదువు ఆపేసిన మామగారు ఇంగ్లీషు నేర్చుకున్నది వాటిలోంచే. అంగడి వదిలేశాక మెజిస్టిక్ వైపు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఇటుకంత లావు డిక్షనరీ ఒకటి కొన్నారు. ప్రతి మాట పక్కనా అది ఏ భాషలోంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, ఆయన చదివేది అదొక్కటే. అర్థాలతో పనిలేదు. "తాళం కింద యా ఊర్లో చేసిందో అచ్చు కొట్టి ఉంటాదప్పా. అది చూడకుండా తాళం కొనేవాడు తెలివైనోడా? మాటకి గూడా ఉంటాది ఆ అచ్చు," అనేవారు. వాకింగ్‌కు పొమ్మని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఆయన నడకకు సంబంధించిన మాటలన్నీ వెదకడం మొదలుపెట్టారు. ఆయన దృష్టిలో అది ముందస్తు ఏర్పాటు. సరుకు గురించి తెలుసుకోకుండా వ్యాపారంలోకి దిగకూడదు కదా.

"సాంటర్ అంటే తొందర లేకుండా, యాడికి పోతాండామో కూడా తెలీకుండా, సుమ్నే చేతులూపుకుంటా నడిసేది," అన్నారాయన.

"అయితే బలాదూరు తిరిగేది అనండి," అని పక్క బెంచీ నుంచి ఒక గొంతు. దొడ్డబళ్ళాపురంలో పట్టు మగ్గాలు కొడుకులకు అప్పగించేసి, ఇక్కడ కూతురింట్లో ఉంటున్న పెద్దాయన. ఆయనకూ షుగరే. ఆయన్నీ ఇంట్లోవాళ్ళు నడవమనే పంపించారు. ఆయనా ఆ బెంచీ దాకానే నడిచేవాడు.

"బలాదూరు కాదప్పా, షికారు అనొచ్చు," అన్నారు మామగారు.

"షికారు అంటే వేట గదండీ. పారసీ మాట. పాతకాలం నవాబులు వేటకి పోతా ఉండిరి, ఇప్పుడు మనం శెనక్కాయలు తినను పోతాండాము," అన్నాడు పట్టు పెద్దాయన.

మామగారి ముఖం వెలిగిపోయింది. తనలాంటి పిచ్చివాడు ఇంకొకడు దొరికాడు. ఆ రోజు మేం బెంచీ మీద నుంచి లేచేసరికి నవ్వే సంఘంవాళ్ళు నవ్వి నవ్వి ఇళ్ళకు వెళ్ళిపోయారు. నడక సంగతి ముగ్గురిలో ఒక్కరం కూడా ఎత్తలేదు. లేచి నేరుగా వీధి మొదట్లో దర్శినికి వెళ్ళాం. నిలబడి తినే హోటలు కాబట్టి అదీ వ్యాయామమే అన్నాడు పట్టు పెద్దాయన. ఇడ్లీ వడ, తర్వాత రెండు కాఫీలు ముగ్గురికి పంచుకుని టూ బై త్రీ. ఒక్కొక్కరికి మూడింట రెండు వంతుల కాఫీయే కాబట్టి షుగరు కూడా అంతే తగ్గుతుందని మామగారి లెక్క.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "ఎన్ని రౌండ్లు?"

"నాలుగు," అన్నాను నేను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. మామగారు నా వైపు చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. అత్తగారు ఆయనకు నూనె లేని గోధుమరవ్వ ఉప్మా, నాకు నేతి దోస పెట్టింది. ఆయన ఆ ఉప్మాను ఎంత త్యాగం మొహం పెట్టుకుని తిన్నారో! కడుపులో వడ ఉన్న సంగతి నాకొక్కడికే తెలుసు.

ఆ తర్వాత మా పొద్దులన్నీ సాంటర్ మీదే గడిచాయి. ఆ మాట ఎక్కడ పుట్టిందన్న దాని మీద మూడు పక్షాలు తేలాయి.

మొదటిది పట్టు పెద్దాయనకు ప్రాణమైపోయింది. వెనకటికి యూరపులో కొందరు ఊరూరా తిరుగుతూ, మేం క్రైస్తవుల పుణ్యభూమికి యాత్ర పోతున్నాం, దానం చేయండి అని అడుక్కునేవారట. పుణ్యభూమిని ఫ్రెంచిలో సాంత్ తేర్ అంటారు. వాళ్ళు ఎప్పటికీ అక్కడికి పోరు. పక్క ఊరి దాకా పోయి, అక్కడ రొట్టె తిని, మళ్ళీ ఇంకో ఊరు. అదిగో సాంత్ తేర్ వాడు వస్తున్నాడని జనం ఎగతాళి చేసేవారట. అలా ఎక్కడికో పోతున్నామని చెప్పి ఎక్కడికీ పోనివాళ్ళ నడకకు సాంటర్ అని పేరొచ్చిందట. ఆ కథ చెప్పి పట్టు పెద్దాయన బెంచీ చరిచి మరీ నవ్వేవాడు. "మన ముగ్గురి జాతకం అప్పా! ఇంట్లో పార్కు అని చెప్పి దర్శినికి పోతాండేది!"

రెండోది ఫ్రెంచివాళ్ళదే ఇంకో మాట, సాన్ తేర్. నేల లేనివాడు. సొంత ఊరూ సొంత ఇల్లూ లేక తిరిగేవాడు. ఈ కథ విన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. అత్తవారింటి మేడమీద గదిలో నా బట్టలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. బీరువా కొందామంటే మా ఆవిడ, కొంటే ఇక్కడే స్థిరపడిపోయినట్టు ఉంటుందేమో అనేది. మామగారు నా మొహం చూసి, ఆ కథను అక్కడితో ఆపేసి, "అదంతా వట్టి బూటకం," అని కొట్టిపారేశారు.

మూడోది డిక్షనరీ పక్షం, అంటే మామగారి పక్షం. డిక్షనరీ ఆ రెండు కథలనీ నమ్మదు. ఈ మాట పుట్టుక కచ్చితంగా తెలియదు, చాలా పాతకాలంలో దీన్ని పరధ్యానంగా ఉండటం, ఆలోచనలో మునిగిపోవడం అనే అర్థంలో వాడినట్టు కనిపిస్తుంది అని రాసి ఊరుకుంది. "చూస్తివా! మొదలు కాళ్ళతో చేసే పనే కాదప్పా ఇది. తలతో చేసేది. నడక తర్వాత వచ్చి తగులుకొనింది," అని మామగారు విజయగర్వంతో మా ఇద్దరి వైపు చూశారు. ఆ లెక్కన మేం బెంచీ మీద కూర్చుని చేస్తున్నదే అసలు సిసలైన సాంటర్ అని తీర్మానం అయిపోయింది. అభిప్రాయభేదం రాకుండా ఆ పూట మసాలా దోస తిన్నాం.

మధ్యలో వాక్ అనే మాట కూడా వచ్చింది. పాత ఇంగ్లీషులో దాని అర్థం దొర్లడం, పొర్లడం అట. తర్వాత బట్టను తొట్లో వేసి కాళ్ళతో తొక్కి చిక్కబరిచేవాళ్ళను వాకర్లు అనేవారట. ఆ ముక్క విన్న దగ్గర్నుంచి పట్టు పెద్దాయనను పట్టలేకపోయాం. "అంటే వాకర్లంటే మా నేత పనోళ్ళేగానీ ఈ టీషర్టులోళ్ళు కాదు!" అని పక్క నుంచి పోతున్న ప్రతి మనిషికీ చెప్పాడు. వాళ్ళు పాపం నిజంగా నడుస్తున్నారు, ఆగి వినలేకపోయారు.

ఇటు ఇంట్లో నా "నాలుగు" రోజూ కొనసాగుతోంది. మూడు వారాలైనా అత్తగారికి అనుమానం రాలేదు గానీ, నాకే ఒక దురద పుట్టింది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. మా కంపెనీలో ఒక ప్రాజెక్టుకు ఏడు నెలలు వారం వారం ప్రగతి నివేదిక పంపాను. ఆ ప్రాజెక్టులో ఒక్క వరుస కోడు కూడా రాయలేదు. ఎవరూ అడగలేదు సరికదా, రంగులు బావున్నాయని మెచ్చుకున్నారు. ఆ నైపుణ్యమంతా ఖాళీగా పడి ఉంది. కంప్యూటరు ముందు కూర్చుని ఎక్సెల్‌లో షీటు వేశాను. తేదీ, రౌండ్లు, పట్టిన నిమిషాలు. మొదటి వారం రెండు రౌండ్లు, రెండో వారం మూడు, తర్వాత నాలుగు అని సహజంగా ఉండేట్టు దిద్దాను. అత్తగారికి చెప్పిన లెక్కకు అది సరిపోదని గుర్తొచ్చి, మళ్ళీ మొదటి రోజు నుంచీ నాలుగే వేసి, నిమిషాలు మాత్రం రోజురోజుకూ తగ్గేట్టు చేశాను. ఒకరోజు వాన అని రాశాను. వాన రాస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. పైన నడక వేగం లెక్కగట్టి, ఆకుపచ్చ గీత ఎక్కుతూ పోయే గ్రాఫు. సైబర్ కేఫ్‌లో కలర్ ప్రింటు తీయించాను.

అత్తగారు ఆ కాగితాన్ని వంటింటి బీరువా తలుపుకు అంటించింది. చుట్టాలొస్తే ముందు కాఫీ కాదు, గ్రాఫు చూపించేది. "మా అల్లుడు చేసింది. దినమూ రాస్తాడు." పక్కింటావిడ వాళ్ళాయనకు కూడా ఒకటి వేసి పెట్టమని అడిగింది. నిజం చెప్పొద్దూ, నాకు బాగుంది. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో నేను కూర్చున్న కుర్చీ నాదిలా అనిపించింది. "ఎట్లాగూ ఇంట్లోనే ఉండారు" అన్న మాట మళ్ళీ వినపడలేదు. ఆ కాగితం అబద్ధం అని నాకు గుర్తొచ్చేది, కానీ అన్నం తినేటప్పుడు కాదు.

రెండు నెలలకు డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. అత్తగారు గ్రాఫును జాగ్రత్తగా ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకొచ్చింది. డాక్టరు ముందు రక్తం రిపోర్టు చూశాడు. షుగరు తగ్గలేదు, ఇంకో ఇరవై పెరిగింది. తర్వాత గ్రాఫు చూశాడు. చాలాసేపు చూశాడు. కన్నడంలో అన్నాడు, ఇంత క్రమశిక్షణగా నడిచే పేషెంటును నేను చూడలేదు, ఇంత నడిచినా తగ్గలేదంటే ఈ మందు చాలడం లేదు అని. మాత్ర రెట్టింపు చేశాడు.

అప్పుడు చెప్పాల్సింది. రెండు ముక్కలు. సార్, మేం నడవలేదు. నేను గోడమీద కిడ్నీ బొమ్మను చూస్తూ కూర్చున్నాను. మామగారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను, ఇద్దరం నోరు మూసుకున్నాం. ముసలాయన ఇడ్లీవడ ఎక్కడ పోతుందోనని భయపడుతున్నాడు అనుకున్నాను. ఇద్దరం దొంగలమే కదా అని అదొక ధైర్యం. బయటికొచ్చి ఆటో ఎక్కాక నాకు చెమట పట్టింది. మరుసటి రోజు నుంచి నిజంగా నడిపిద్దాం అనుకున్నాను. మరుసటి రోజు ఆంబుల్ అనే మాట వచ్చింది. అది గుర్రాల నడక గురించి.

మూడు వారాల తర్వాత ఒకరోజు ఊరంతా బంద్ అన్నారు. ఎవరు, ఎందుకు అని బెంగళూరులో ఆ రోజుల్లో పెద్దగా అడిగేవాళ్ళం కాదు, కూరగాయలు ముందురోజే తెచ్చుకునేవాళ్ళం. పట్టు పెద్దాయన దొడ్డబళ్ళాపురం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. మామగారు మామూలుగానే పొద్దున్నే కొత్త మాత్ర వేసుకుని నాతో బయలుదేరారు. తీరా చూస్తే దర్శిని షట్టరు దించి ఉంది. పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. పట్టు పెద్దాయన లేకుండా మాటలు సాగలేదు. అరగంట గడిచింది.

"ఇప్పుడేమి చేసేది?" అన్నారు మామగారు.

"నడుద్దామా?" అన్నాను నేను, ఏదో అనకూడని మాట అంటున్నట్టు గొంతు తగ్గించి.

ఆయన నవ్వారు. "ఆయ్తు, పద. ఒగ దినం నిజంగా చూస్తాము."

నడిచాం. మొదటి రౌండు సగంలో ఆయన ఆగిపోయి, "ఈ పక్క ఇన్ని సంపంగి చెట్లు ఉండాయా?" అని ఆశ్చర్యపోయారు. దాదాపు మూడు నెలలుగా రోజూ వస్తున్న పార్కులో ఆ మూల ఇద్దరమూ చూడలేదు. రెండో రౌండులో ఊపు వచ్చింది. నా కంటే ముందు నడుస్తున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఇంక రోజూ ఇలాగే, పాత అబద్ధమంతా దానంతటదే నిజమైపోతుంది అనుకున్నాను. మూడో రౌండులో ఆయన నుదుటి మీద చెమటలు కారాయి.

"చెమట పడితే మంచిది మావయ్యగారూ, షుగరు కరుగుతుంది," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన నా వైపు తిరిగి, "రెండంగుళాల బందులు ఎన్ని డజన్లు పంపించితివి?" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. కళ్ళు నా మీద లేవు. మాట ముద్దగా ఉంది. నేను పట్టుకునేలోపే మోకాళ్ళ మీద కూలబడి పక్కకు వాలిపోయారు. నేను అరిచిన అరుపుకు నవ్వే సంఘంవాళ్ళు నవ్వు ఆపి పరిగెత్తుకొచ్చారు. బంద్ కాబట్టి ఆటో లేదు. ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు పట్టుకుంటే రెండు వీధుల అవతల నర్సింగ్ హోముకు మోసుకుంటూ పరిగెత్తాం. అక్కడ సూది గుచ్చి చూస్తే షుగరు నలభై కూడా లేదు. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించారు.

కబురు తెలిసి అత్తగారూ మా ఆవిడా ఏడుస్తూ వచ్చారు. మామగారిని మొదటినుంచీ చూస్తున్న డాక్టరు కూడా నడిచే వచ్చాడు. మామగారికి అప్పటికి తెలివి వచ్చింది గానీ నీరసంగా ఉన్నారు. డాక్టరు నన్ను అడిగాడు, ఏమైంది అని. మూడు రౌండ్లు నడిచారు, పడిపోయారు అన్నాను. ఆయన కనుబొమలు ముడిచాడు. "ఇది నడక వల్ల కాదు. రోజూ నాలుగు రౌండ్లు తిరిగే మనిషి మూడు రౌండ్లకు పడిపోడు. ఇంకేదో ఉంది. గుండె చూడాలి, తలకు స్కాన్ తీయించాలి. పెద్ద ఆసుపత్రికి రాసిస్తాను." అత్తగారు మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

డాక్టరు మామగారి మీదికి వంగి, గట్టిగా అడిగాడు. "రోజూ ఎంత నడుస్తారు మీరు?"

మామగారు కళ్ళు తెరిచి నన్ను చూశారు. "నాలుగు రౌండ్లు సార్. మా అల్లుడు వదలడు."

చేతికి సూది, మూతి ఎండిపోయి ఉంది, మాట కూడదీసుకుని మరీ అబద్ధం చెప్పారు. ఆ క్షణంలో ఇడ్లీ కోసం కాదని నాకు అర్థమైంది. ఇంకెందుకో అర్థం కాలేదు.

"అబద్ధం సార్," అన్నాను. "ఒక్కరోజు కూడా నడవలేదు. ఆ గ్రాఫు నేను కూర్చుని తయారుచేశాను. రోజూ బయట ఇడ్లీ వడ తినేవాళ్ళం. ఈ రోజే నడిచాం. రెట్టింపు మాత్ర వేసుకుని ఈ రోజు ఏమీ తినలేదు."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను మందు ఇచ్చింది ఈయనకు కాదు, మీ కాగితానికి," అని, రాస్తున్న చీటీ చించేసి, మాత్ర మళ్ళీ సగం చేసి వేరే చీటీ రాశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆవిడ నా మొహం చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. అత్తగారు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని నా ముందుకొచ్చి నిలబడింది. "ఏమప్పా, మిమ్మల్ని ఈ ఇంట్లో ఎవరన్నా ఒగ మాట అన్నారా? ఒగటే రౌండు నడిస్తిమి అని చెప్పుంటే నేనేమన్నా దోస పెట్టకుండా ఉంటానా?" అంది.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ అన్నం తేవడానికి ఇంటికి వెళ్ళారు. గదిలో నేనూ మామగారూ మిగిలాం. ఆయనే అన్నారు. "ఏల చెప్తివప్పా?"

"చెప్పకపోతే మీ తలకు స్కాన్లు తీసేవాళ్ళు. అసలు మాత్ర రెట్టింపు చేసిన రోజే మీరు చెప్పి ఉండాల్సింది మావయ్యగారూ. నేను చేతకానివాణ్ణి, చెప్పలేదు. మీకేం భయం? అత్తయ్యగారా?"

"మీ అత్తకి నేనేల భయపడేది. ఒగ పూట అరిచి ఊరకుంటాది." ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నారు. "నువ్వు ఆ రంగుల కాగితం తెచ్చిన పొద్దు నేను వంటింటి పక్కనే ఉంటి. మా కూతురు వాళ్ళమ్మతో చెప్తాండె. 'చూడమ్మా, ఆయన చేతికి ఏ పని ఇచ్చినా ఎంత బాగా చేస్తాడో' అని. నీ ఉద్యోగం పోయినాక ఆ పాప నీ పేరు చెప్పి సంతోషపడింది అదే మొదలు. నేను డాక్టరు ముందర నోరు తెరిస్తే అది పోతాది గదా. ఇంగొగ మాత్రే గదా, మింగితే పోతాదిలే అనుకొంటి."

చెప్పేసి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను స్టూలు మీద కూర్చుని, గదిలో ఇంకెవరూ లేరు కదా అని, బాగా ఏడ్చాను.